ఆఖర్న కుట్టే లేబుల్

నాకు ముక్కు మీదే కోపం. ఈ సంగతి మా ఆవిడకి పెళ్ళైన మూడో రోజునే తెలిసింది. మా అత్తగారికి తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అల్లుణ్ణి కదా, ఆవిడ ఎదురుగా నేను ఒద్దికగా కూర్చునేవాణ్ణి. నా ఎదురుగా ఆవిడ గొంతు పెంచేవారు కాదు. "మీ ఇష్టం బాబూ" అని ఆవిడ, "మీరెలా అంటే అలాగే అత్తయ్యగారూ" అని నేను. ఇలా ఇద్దరం మర్యాదలకి పోయి పోయి ఆవిడ కొట్టుని దాదాపు ముంచేశాం.

కొట్టంటే చిన్న బొటిక్. పదహారేళ్ళ నుంచి నడుపుతున్నారు. ముందొక గది, వెనకొక గది. ముందు గదిలో రెండు వరసల హ్యాంగర్లు, ఒక నిలువుటద్దం, మూలగా తెర కట్టిన ట్రయల్ రూమ్. వెనక గది కటింగ్ మాస్టారి రాజ్యం. ఆయన కత్తెర ఇంకెవరైనా ముట్టుకున్నారంటే ఆ పూటకి ఎవరితోనూ మాట్లాడరు. మిషన్ల మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళు కుడతారు. మిషన్లు ఆగినా వాళ్ళ కబుర్లు ఆగవు. గౌన్లు, టాపులు, కోట్లు, ఏదైనా అక్కడే కోసి అక్కడే కుడతారు.

ఆ వీధిని పైపులు వెయ్యడానికి తవ్వారు. మూడు నెలలన్నారు. ఏడు నెలలైనా కొట్టు గుమ్మం ముందు మనిషి లోతు గొయ్యి, దాని మీద రెండు చెక్కలు అలాగే ఉన్నాయి. ఆ చెక్కల మీద సర్కస్ చేసుకుంటూ వచ్చి గౌను కొనుక్కునే ఓపిక ఎవరికుంటుంది? అత్తగారి కస్టమర్లలో సగం మందికి మోకాళ్ళ నొప్పులు.

ఒక ఆదివారం అత్తగారు మా ఇంటికొచ్చి, టీ తాగి, నిదానంగా చెప్పారు. "ఈ సీజన్ చూస్తాను బాబూ. అమ్మకాలు లేకపోతే షాపు తీసేస్తాను. మాస్టారికి కాస్త ముందుగా చెప్పాలి కదా, ఆయనా ఇంకో చోటు చూసుకోవాలి."

గొంతు బాగానే ఉంది. కప్పు కింద పెట్టేటప్పుడు మాత్రం రెండు చేతులూ వాడారు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం అడగక్కర్లేదు. నేను వెబ్‌సైట్లు చేసి బతికేవాణ్ణి. టైర్ల షాపుకి చేశాను, ఈత కొలనుకి చేశాను, సొంత అత్తగారి కొట్టుకి మాత్రం తొమ్మిదేళ్ళలో వేలు కదపలేదు. ఆవిడ అడగలేదు, నేను అననూ లేదు.

బొటిక్‌కి ఒక వెబ్‌సైట్ ఉందని అప్పుడే తెలిసింది. ఎవరో పుణ్యాత్ముడు చేసిచ్చాడట. ఒకే ఒక పేజీ. వంకరగా తీసిన బోర్డు ఫోటో, దాని కింద "ఫోన్ చేయండి" అని నెంబరు. ఆ నెంబరులో ఒక అంకె తప్పు. అది ఒక పళ్ళ డాక్టరుది. ఆ మహానుభావుడు నాలుగేళ్ళుగా గౌన్ల గురించి ఫోన్లు ఎత్తి, విసుక్కోకుండా అందరికీ అసలు నెంబరు చెప్పి పంపుతున్నాడు. నేనైతే మొదటి వారంలోనే ఇంటికొచ్చి గొడవ పెట్టుకునేవాణ్ణి.

పని మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని ముందు గదిలో కూర్చునేవాణ్ణి. ఫోటోలు తీశాం. బొమ్మకి తొడిగితే గౌను బిగుసుకుపోయినట్టు కనబడింది, అక్కచెల్లెళ్ళకి తొడిగితే నవ్వాపుకోలేకపోయారు, ఫోటోలన్నీ కదిలిపోయాయి. చివరికి గౌన్లని గోడకి తగిలించి కిటికీ వెలుగులో తీశాం. అవే బాగా వచ్చాయి.

అలా కూర్చున్నప్పుడే ఆ కొట్టు పద్ధతి ఒకటి గమనించాను. హ్యాంగర్ మీదున్న ఏ బట్టకీ లేబుల్ ఉండదు. వచ్చినావిడ వేసుకుని చూసి, నచ్చి, సరే అన్నాక అత్తగారు ఆ గౌను తీసుకుని వెనక గదిలోకి వెళతారు. సొరుగులోంచి ఒక లేబుల్ తీసి, ఆవిడే స్వయంగా మెడ వెనకాల కుట్టి, మడిచి తెచ్చిస్తారు. లేబుల్ మీద కొట్టు గుర్తు, కింద సైజు నెంబరు. ఆ కొట్టుకి సొంత నెంబర్లు, ఒకటి నుంచి ఆరు వరకు.

"ముందే కుట్టి ఉంచుకోవచ్చు కదా అత్తయ్యగారూ?" అన్నాను.

"అలవాటైపోయింది బాబూ."

"ఒక్కోదానికి ఐదు నిమిషాలు పడుతోంది."

"కూర్చుంటారు లెండి. మంచినీళ్ళు తాగుతారు."

నేను లోపల పళ్ళు కొరుక్కున్నాను. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చే వీలుండదు. ఆ మధ్యాహ్నమే అందర్నీ వెనక గదిలో కూర్చోబెట్టి, ఇకనుంచి ఏ సైజు గౌను కోస్తే ఆ సైజు లేబుల్ అప్పుడే పడిపోవాలని చెప్పాను. ఆర్డరు రాగానే చీటీ మాస్టారి బల్ల మీద ప్రింటవుతుంది, చెల్లెలు ప్యాక్ చేస్తుంది, కొరియరు అతను వీధి మొదట్లో తీసుకుంటాడు. చాలా శుభ్రమైన పద్ధతి అని నా భుజం నేనే తట్టుకున్నాను.

అత్తగారు కాసేపు నీళ్ళు నమిలారు. "అన్నిటికీ ముందే కుట్టేస్తే... ఎవరు కొంటారో తెలీదు కదా బాబూ."

"ఎవరు కొంటే ఏంటండీ? మూడో నెంబరు ఎవరు కొన్నా మూడో నెంబరే కదా."

మాస్టారు ఉత్తినే దగ్గారు. అక్కచెల్లెళ్ళ కబుర్లు ఆగిపోయాయి. ఆ గదిలో అవి ఆగడం నేను చూడ్డం అదే మొదలు. ఇంకొకడైతే అక్కడే ఏదో ఉందని పసిగట్టి అడిగేవాడు. నాకు సైటు తొందర.

"మీ ఇష్టం బాబూ. మీకు తెలిసినంత నాకేం తెలుసు" అన్నారు అత్తగారు. నేను దాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నాను. ఆ ఇంటి ఆడవాళ్ళు "మీ ఇష్టం" అంటే దానర్థం ఒప్పుకున్నామని కాదని తొమ్మిదేళ్ళ కాపురంలో నాకు తెలిసుండాల్సింది.

సైటు మొదలైన పది రోజుల్లో యాభై ఎనిమిది ఆర్డర్లు వచ్చాయి. ముప్ఫై ఏడు పాత కస్టమర్లవే. చెక్కల మీద రాలేక, కొట్టు మీద అభిమానం చంపుకోలేక, ఇంట్లో కూర్చుని ఎప్పుడెప్పుడా అని చూస్తున్నట్టున్నారు. అల్మారాలో ఉన్న పాత గౌను లేబుల్ చూసుకోవడం, ఆ నెంబరు నొక్కడం, అంతే. నేను గాల్లో తేలిపోతున్నాను. అత్తగారు మాత్రం ముందు గదికీ వెనక గదికీ మధ్య కాలు నిలవకుండా తిరుగుతున్నారు.

"పంపేముందు ఆ పేర్లు ఒక్కసారి చూపిస్తారా బాబూ?"

"మీరు చెయ్యి పెట్టక్కర్లేదండీ. అంతా దానంతటదే జరిగిపోతుంది. మీరు హాయిగా కూర్చోండి."

ఆవిడ వెళ్ళి కూర్చున్నారు. హాయిగా అయితే కాదు.

మరో వారానికి పార్సిళ్ళు వెనక్కి రావడం మొదలైంది. ఒకటి, మూడు, ఏడు. ఆ వారం ఆఖరికి పాత కస్టమర్లు కొన్న ముప్ఫై ఏడింటిలో ముప్ఫై ఒకటి వెనక్కొచ్చి ట్రయల్ రూమ్‌లో గుట్టగా పడ్డాయి. కొత్తవాళ్ళు కొన్నవి మాత్రం రెండే వచ్చాయి. అన్నిటికీ ఒకటే మాట, బిగుతు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్యాద, అల్లుడి హోదా అన్నీ గోతిలో పడ్డాయి. తిన్నగా వెనక గదిలోకి వెళ్ళాను.

"కటింగ్ తప్పింది మాస్టారూ! ముప్ఫై ఒక్క బట్టలు తప్పుగా కోస్తే షాపు ఉంటుందా? ఆ మాత్రం చూసుకోవద్దా?"

ఆయన కత్తెర కింద పెట్టారు. టేపు తీసి నా చేతిలో పెట్టి, "కొలుచుకోండి" అన్నారు.

కొలిచాను. నెంబరుకి ఎంతుండాలో సరిగ్గా అంతే ఉంది, అరంగుళం కూడా తేడా లేదు. నాలుగు గౌన్లు కొలిచాక నా అరుపు నాకే వెకిలిగా వినబడింది.

"ఆయన్నేమీ అనకండి బాబూ" అని గుమ్మంలోంచి అత్తగారి గొంతు. "తప్పు నాది. రండి, చెప్తాను."

లేబుళ్ళుండే సొరుగు అడుగునుంచి ఒక నోటుపుస్తకం తీశారు. ఒక్కో కస్టమరుకి ఒక్కో పేజీ. ఛాతీ, నడుము, పొడవు, చేతులు. పేజీ పైన రెండు నెంబర్లు. ఒకటి మామూలుగా రాసుంది, దాని పక్కన ఇంకోటి చుట్టూ సున్నా చుట్టి ఉంది. మొదటిది ఆ మనిషి ఒంటికి సరిపోయే సైజు. సున్నా చుట్టింది లేబుల్ మీద కుట్టేది. ఐదు అని ఉన్నచోట పక్కన మూడు. నాలుగు పక్కన రెండు. ఆరు పక్కన నాలుగు.

 నా సైటుకొచ్చి మూడు నొక్కినావిడకి నిజంగా మూడే వెళ్ళింది మరి.

"లైబ్రరీ మేడమ్‌తో మొదలైంది బాబూ" అన్నారు అత్తగారు కుర్చీలో కూర్చుంటూ. "పదకొండేళ్ళయింది. ఏదో జబ్బు చేసి, మందులు వాడి ఒళ్ళొచ్చిందావిడకి. అప్పుడు అందరి షాపుల్లాగే మేమూ లేబుల్ ముందే కుట్టేవాళ్ళం. నీలం గౌను తీసుకుని ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళింది. ఎంతకీ రాదు. తెర కింద నుంచి పాదాలు కనబడుతున్నాయి, కదలడం లేదు. అరగంట చూసి నేనే వెళ్ళాను. గౌను వేసుకునే ఉంది. ఒంటికి ఎంత చక్కగా ఉందనుకున్నారు! మెడ దగ్గర లేబుల్ వేలితో పట్టుకుని, అద్దంలో ఆ ఐదు చూసుకుంటూ ఏడుస్తోంది."

"అయితే?"

"అది తప్పు లేబులమ్మా, మా కుట్టే అమ్మాయి పొరపాటున వేసింది, ఇటివ్వండి అన్నాను. లోపలికి తీసుకెళ్ళి, ఐదు విప్పి మూడు కుట్టిచ్చాను. ఆవిడ మొహం చూడాలి మీరు. అప్పట్నుంచి ఇంక ఎవరికీ ముందు కుట్టలేదు. మనిషిని చూసి కుడతాను. ఎవరికి అక్కర్లేదో వాళ్ళకి ఉన్నదే కుడతాను."

"అది జాలి కాదండీ, వ్యాపారం" అన్నాను. కోపంలో ఉన్నవాడికి నోరు ఆగదు.

ఆవిడ నొచ్చుకోలేదు. "రెండూ ఉంటాయి బాబూ. ఏది ఎంతో నాకూ తెలీదు. ఇంకో షాపుకెళితే ఐదంటారు, ఇక్కడికొస్తే మూడంటారు, ఇక్కడికే వస్తారు కదా. ఆ ఎరుక నాకు లేకపోలేదు."

"మరి ఆ రోజే నాకు చెప్పాల్సింది!"

"అల్లుడికి ఎలా చెప్పను, పదకొండేళ్ళుగా కస్టమర్లకి అబద్ధం కుట్టిస్తున్నానని?"

 కోపం దిగిపోయి బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో ఉపాయం దొరికింది. ముప్ఫై ఒక్కమందికీ ఒక మెయిల్ పెడతాం. కొత్త మిషన్ వల్ల లేబుళ్ళు తారుమారయ్యాయి, క్షమించండి, సరైనది పంపుతున్నాం అని. ఒంటికి సరిపోయే గౌనుకి ఎప్పటి లేబులే కుట్టి పంపుతాం. పుస్తకంలోని రెండు నెంబర్లూ సైటులో ఎక్కించేస్తాను. పాత కస్టమరు మూడు నొక్కితే మాస్టారి చీటీ మీద ఐదు అని పడుతుంది. ఈగకి కూడా తెలియదు. షాపు బతుకుతుంది.

అత్తగారు విని తలూపారు. అంతలో ఏదో తోచి, "ఎందుకు వెనక్కి పంపుతున్నారో రాశారా వాళ్ళు?" అన్నారు.

రాశారు. కారణం రాయందే పార్సిల్ వెనక్కి పంపడం కుదరకుండా నేనే పెట్టాను. "బిగుతు" అన్న మాట చూసి, మిగతాది చదవకుండా లెక్క మాత్రం వేసుకున్నాను. లాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాను. ఇద్దరం చదివాం.

"బిగుతుగా ఉంది. లావయ్యాను, సారీ." "బిగుతు. మీ గౌను తప్పేం లేదు, కూర్చుని తినే ఉద్యోగం నాది." "బిగుతు. పిల్లాడు పుట్టాక తగ్గానని సంబరపడ్డాను. తగ్గలేదన్నమాట." "బిగుతు. అద్దం అబద్ధం చెప్తోందేమో అని ఎప్పుడూ అనుమానమే. మీ గౌను నిజం చెప్పింది."

ముప్ఫై ఒక్కమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా కొట్టుని తిట్టలేదు. అందరూ తమని తామే తిట్టుకున్నారు. లైబ్రరీ మేడమ్ రాసింది ఇది. "బిగుతు. గౌను చాలా బాగుంది, తప్పు నాదే. దీన్ని ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టగలరా? రెండు నెలల్లో తగ్గి తీసుకుంటాను."

అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నేనేదో మేలు చేస్తున్నాననుకున్నాను" అన్నారు.  నేను మెయిల్ రాసి ఉంచాను. పంపేముందు ఆవిడ సరే అనాలి, అంతే.

రెండు రోజుల తర్వాత లైబ్రరీ మేడమే వచ్చారు. గౌను పక్కన పెట్టారో లేదో కనుక్కుందామని. నలభై ఐదేళ్ళుంటాయి, మెడలో కళ్ళజోడు గొలుసు, చేతిలో గొడుగు. చెక్కలు దాటి లోపలికి అడుగు పెట్టగానే గోడ పట్టుకున్నారు. అత్తగారు పరుగున వెళ్ళి స్టూలు వేశారు. మా ఆవిడ ఆ రోజు సెలవు పెట్టి అక్కడే ఉంది, మంచినీళ్ళు తెచ్చింది.

"ఏం లేదక్కగారూ, నీరసం" అని నవ్వారావిడ. "రాత్రి తిండి మానేశాను, రెండు వారాలైంది. పొద్దున లైబ్రరీలో నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరిగాయి. కింద ఎవరో పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇంకో నెల ఓర్చుకుంటే మీ గౌను నాదే."

నేను లేచాను. మెయిల్‌లో రాసిన మాటలు నాలిక చివరే ఉన్నాయి. "మేడమ్, అసలది మీ తప్పు కాదు, కొత్త మిషన్ వల్ల లేబుళ్ళు..."

"బాబూ, మీరు ఆగండి."

తొమ్మిదేళ్ళలో అత్తగారు నా మాటకి అడ్డు రావడం అదే మొదటిసారి. నేను ఆగిపోయాను. ఆవిడ స్టూలు పక్కన నేల మీదే కూర్చున్నారు, లైబ్రరీ మేడమ్ చెయ్యి పట్టుకుని మొత్తం చెప్పేశారు. నీలం గౌను, ట్రయల్ రూమ్, విప్పిన ఐదు, కుట్టిన మూడు, పుస్తకం, సున్నాలు. నాకు చెప్పినదాంట్లో ఒక్క ముక్కా తగ్గించలేదు. "మీరు లావవలేదమ్మా. పదకొండేళ్ళుగా ఒక్కలాగే ఉన్నారు. మీ కొలత ఎప్పుడూ ఐదే. నేనే మూడని చెప్పాను. మీరు ఇవాళ ఇంటికెళ్ళి భోజనం చెయ్యాలి" అన్నారు.

లైబ్రరీ మేడమ్ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వెనక గది గుమ్మంలో నిలబడ్డ మాస్టారిని చూశారు, ఆయన వెనక అక్కచెల్లెళ్ళని చూశారు.

"అంటే మీ అందరికీ తెలుసు. నేను ఇక్కడ మంచినీళ్ళు తాగుతూ కూర్చున్న ప్రతిసారీ, మీరందరూ లోపల నా మీద జాలిపడుతూ కూర్చున్నారు."

"జాలి కాదమ్మా..."

"మరేంటి?"

 లైబ్రరీ మేడమ్ లేచి గొడుగు తీసుకున్నారు. చెక్కల దగ్గర అత్తగారు మోచెయ్యి పట్టుకోబోతే సున్నితంగా తప్పించుకుని, ఒక్కరే దాటి వెళ్ళిపోయారు.

నేను అరిచాను. అత్తగారి మీద గొంతు లేపడం నాకూ అదే మొదటిసారి. "ఉన్నదున్నట్టు చెప్పి ఏం సాధించారు? ఒక్క చిన్న మాట, మిషన్ తప్పంటే పోయేది! ఈవిడ వెళ్ళి ఇంకో పదిమందికి చెప్తుంది. షాపు పోతుంది, తెలుసా మీకు?"

"పోతే పోనివ్వండి" అన్నారు ఆవిడ, ఇంచుమించు నా అంత గట్టిగానే. "నిచ్చెన మీంచి ఆ మనిషి పడిపోతే? నా లేబుల్ కోసం ఆవిడ అన్నం మానేసింది బాబూ! ఇంకో అబద్ధం కుట్టి దాని మీద షాపు నిలబెట్టమంటారా?"

మా ఆవిడ నా వైపు చూసింది. ఈసారి కూడా అర్థం అడగక్కర్లేదు. నేను మెయిల్ తీసేశాను.

మర్నాటి నుంచి అత్తగారు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. మిగిలిన ముప్ఫై మందికీ తానే చేశారు. ప్రతి ఒక్కరితో మొదటి మాట ఒకటే, "మీరు లావవలేదమ్మా." తర్వాత అసలు సంగతి. నేను పక్కనే కూర్చుని విన్నాను. ఒకావిడ పడీ పడీ నవ్వింది. ఒకావిడ, నాకెప్పుడో తెలుసండీ, బయట కొనుక్కున్న కోటు చెప్పింది, ఉంటే ఉందిలే అని ఊరుకున్నాను అంది. ఒకావిడ ఏడ్చింది, ఈవిడా ఏడ్చారు. తొమ్మిది మంది ఫోన్ పెట్టేశారు. అందులో ఒకావిడ పెట్టేసే ముందు అన్న మాటలు స్పీకర్లో లేకపోయినా నాకు వినబడ్డాయి. అత్తగారు ఓ గుక్క నీళ్ళు తాగి తర్వాతి నెంబరు నొక్కారు. అరిచి గోల చెయ్యడం తేలికని, ఇలా కూర్చోవడం కష్టమని అప్పుడు తెలిసింది. నాకు సిగ్గేసింది.

సైటు మళ్ళీ విప్పాను. ఒకటి నుంచి ఆరు దాకా నెంబర్లన్నీ పీకేశాను. వాటి బదులు మూడు గళ్ళు పెట్టాను, ఛాతీ, నడుము, పొడవు. కొలత పంపితే దానికి తగ్గట్టు మాస్టారు సరిచేసి పంపుతారు. లేబుల్ మీద ఇంక కొట్టు గుర్తే ఉంటుంది. అంతా బాగానే ఉంది కానీ ఆర్డర్లు మాత్రం వారానికి నాలుగో ఐదో. సగం మంది ఆ గళ్ళ దగ్గరే ఆగి వెళ్ళిపోతున్నారు. ఇంట్లో టేపు ఉన్నా ఎక్కడ పట్టాలో, ఎంత బిగించాలో తెలియదు. అసలు ఆ అంకె చూసుకోవాలంటేనే భయం. సీజన్ ఇంకో మూడు వారాలుంది. మాస్టారు వేరే ఎక్కడో మాట్లాడుకుని వచ్చారని అక్కచెల్లెళ్ళు గుసగుసలాడుకున్నారు.

"వీడియో పెట్టండి, కొలవడం ఎలాగో" అంది మా ఆవిడ. "సన్నగా రివటలా ఉన్నవాళ్ళని పెట్టకండి. మళ్ళీ మొదటికొస్తుంది."

కస్టమర్లలో ఒకరిద్దర్ని అడిగాం. అమ్మో అన్నారు. చివరికి అత్తగారే నిలబడతానన్నారు, మా ఆవిడ కొలుస్తుంది. మా ఆవిడకి సెలవున్న రోజు పొద్దున నిలువుటద్దం పక్కకి జరిపి, కెమెరా స్టాండు మీద పెట్టి సర్దుతున్నాను. చెక్కల మీద చప్పుడైంది. లైబ్రరీ మేడమ్. చేతిలో పెద్ద సంచీ.

సంచీ తెచ్చి కౌంటరు మీద బోర్లించారు. గౌన్లు, టాపులు, రెండు కోట్లు, అన్నీ ఈ కొట్టులో కొన్నవే. అత్తగారి మొహం పాలిపోయింది. అన్నీ తిరిగిచ్చేస్తున్నారనుకున్నాం.

"అన్నిటికీ లేబుళ్ళు విప్పండి" అన్నారు లైబ్రరీ మేడమ్. "బట్టల మీద నాకేం కోపం లేదు. అవెప్పుడూ నాకు సరిగ్గానే ఉన్నాయి. తింటున్నాను లెండి, అలా చూడకండి. ఈ కెమెరా ఏంటి?"

మా ఆవిడ చెప్పింది. ఆవిడ విని, కాసేపు కెమెరా వైపే చూశారు. గొడుగు గోడకి ఆనించి, కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టారు.

"అక్కగారూ, మీరు ఇటు పక్కకి రండి. నన్ను కొలవండి."

"వద్దమ్మా" అన్నారు అత్తగారు కంగారుగా. "అందరూ చూస్తారు."

"చూడ్డానికే కదా పెడుతున్నారు."

ఆ వీడియో ఇప్పటికీ సైటులో ఉంది. గళ్ళ దగ్గర ఆగిపోయిన వాళ్ళు దాన్ని చూసి, తర్వాత టేపు వెతుక్కున్నారు. ఆ తొమ్మిది మందిలో ముగ్గురు తిరిగొచ్చారు, ఆరుగురు రాలేదు. ఇవాళ్టికీ మాస్టారి కత్తెర ఆ బల్ల మీదే ఉంది, దాన్నెవరూ ముట్టుకోరు. కానీ వీడియోలో మొదటి నిమిషం నేను కత్తిరించేశాను. అందులో జరిగింది బయటివాళ్ళకి అక్కర్లేదు.

అత్తగారు టేపు మెడలోంచి తీసి ముందు ఛాతీ కొలిచారు.  అంకె చెప్పారు, పెదాలు కదిలాయి కానీ నాకే వినబడలేదు. నడుము చుట్టూ టేపు తిప్పి, రెండు కొసలూ ముందుకి తెచ్చి చూశారు. మళ్ళీ అదే, గొంతు లోపల్లోపలే.

"అత్తయ్యగారూ, మైకులో పడలేదు" అన్నాను.

ఆవిడ నా వైపు దీనంగా చూశారు. లైబ్రరీ మేడమ్ అద్దంలోంచి ఆవిడ వైపు చూశారు.

"పదకొండేళ్ళు ఆ అంకె పట్టుకుని లోపలికెళ్ళి చెప్పుకున్నారు. ఇప్పుడిక్కడ, నా ముందు చెప్పండి."

"నలభై రెండు" అన్నారు అత్తగారు.

"ఇంకొంచెం గట్టిగా."

"నలభై రెండు!"

వెనక గదిలో మిషన్లు ఆగాయి. లైబ్రరీ మేడమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చూపు అద్దం మీంచి తిప్పలేదు. వీపు నిటారుగా పెట్టి, గుమ్మంలోకొచ్చి నిలబడ్డ మాస్టారి వైపు తల తిప్పారు.

"విన్నారు కదా. నడుము నలభై రెండు. రాసుకోండి."

మాస్టారు చెవి మీది పెన్సిల్ తీసి రాసుకున్నారు.